వాగు బాగుచేశాక చేపలు పెరిగాయో లేదో తేల్చుకోవడం ఎలా?

వాగు ఒడ్డున ఏరుమద్ది, నేరేడు, కానుగ నాటారు. పాత చెక్‌డ్యామ్‌కు ఒక పక్క గండి తీసి చేప ఎదురెక్కడానికి దారి ఇచ్చారు. ఒక మడుగులో ఎవరూ వల వేయకూడదని గ్రామసభలో తీర్మానం కూడా అయ్యింది. మూడేళ్ల తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, "చేపలు పెరిగాయా మరి?" అని. పెరిగాయని ఒకరు, ఎక్కడ పెరిగాయని ఇంకొకరు. చేతిలో లెక్క లేకపోతే గొంతు పెద్దదున్న వాళ్ల మాటే నిలుస్తుంది.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి, భామ్రాగఢ్ తాలూకాల్లో, అలాగే ప్రాణహితకు ఇవతల కొమరం భీం, మంచిర్యాల జిల్లాల్లో, గోదావరి ఒడ్డున భూపాలపల్లి వైపు ఇలాంటి పని తలపెట్టిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: పని మొదలుపెట్టకముందే కొలవాలి, పని చేయని ఇంకో వాగును కూడా కొలవాలి. ఈ రెండూ లేకుండా తర్వాత ఎంత కష్టపడి లెక్కపెట్టినా అడిగిన ప్రశ్నకు జవాబు రాదు.

ఈ విద్యను బాగా సానబెట్టింది సాల్మన్ చేపల మీద పనిచేసేవాళ్లు. అమెరికా పడమటి తీరంలో సాల్మన్ ఏటి గులకరాళ్లలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. పిల్ల పెరిగి సముద్రానికి పోతుంది, ఏళ్ల తర్వాత పుట్టిన ఏటి వాసన పట్టుకుని తిరిగి అక్కడికే వస్తుంది. కొలంబియా నది మీద బోనవిల్ డ్యామ్ దగ్గర, చేపల కోసమే కట్టిన మెట్లెక్కే చేపలను 1938 నుంచి లెక్కిస్తున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీద ఉన్న రెండు డ్యాములను 2011 నుంచి 2014 మధ్య కూల్చేశారు. కూల్చకముందు నుంచే కొలతలు తీసి పెట్టుకున్నారు కాబట్టి, ఏ చేప ఎంత పైదాకా వెళ్లిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలుగుతున్నారు. మన ప్రాణహితలో, ఇంద్రావతిలో సాల్మన్ లేదు. ఆ పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది, కొన్ని మార్పులతో.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"వాగు ఆరోగ్యం చూద్దాం" అనేది ప్రశ్న కాదు. ఏ చేప, ఎక్కడ, ఎంత మార్పు, ఎప్పటికి అన్న నాలుగూ వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు: "చెక్‌డ్యామ్‌కు గండి తీశాక, దాని ఎగువన ఉన్న మూడు మడుగుల్లో ఆ ఏడు పుట్టిన వాలుగ పిల్లలు ఐదేళ్లలో, గండి తీయని వాగుతో పోలిస్తే రెట్టింపు అవుతాయా?" ఇలా రాసుకుంటే ఏ వల కావాలి, ఏ నెలలో వెళ్లాలి, ఎన్ని చోట్లకు వెళ్లాలి అన్నవి సగం వాటంతటవే తేలిపోతాయి. వాక్యం కుదరకపోతే వల కొనకండి, ఇంకో నాలుగు రోజులు కూర్చుని మాట్లాడుకోండి.

2. ఏ చేపను లెక్కపెట్టాలి?

ఇక్కడ చాలామంది బొచ్చె, రోహు వైపు వెళ్తారు. అందరికీ తెలిసిన చేపలు, బజార్లో ధర పలికే చేపలు. లెక్కకు మాత్రం ఇవి పనికిరావు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. వాటిలో ఎక్కువ ఇవే జాతులు. చెరువు మత్తడి దూకితే అవి వాగులోకి, అక్కడి నుంచి నదిలోకి వస్తాయి. మీ వలలో పడ్డ రోహు మీ వాగులో పుట్టిందో, లారీలో వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

సాల్మన్ వాళ్లకూ ఇదే చిక్కు ఎదురైంది. హేచరీల్లో పెంచి వదిలిన పిల్లలు, ఏట్లో పుట్టిన పిల్లలు కలిసిపోయేవి. అందుకని హేచరీ పిల్లకు వీపు మీద, తోకకు దగ్గరగా ఉండే చిన్న మెత్తటి రెక్కను కత్తిరించి వదులుతారు. రెక్క ఉంటే ఏటి చేప, లేకపోతే హేచరీ చేప అని లెక్కకడతారు. మన బొచ్చెకు, రోహుకు అసలు ఆ రెక్కే ఉండదు. కాబట్టి మనకున్న దారి, ఎవరూ తెచ్చి వదలని జాతులను ఎంచుకోవడం.

నా సలహా మూడు రకాలు. ఒకటి వాలుగ: తొలకరి వరదకు ఎదురెక్కి, మునిగిన పల్లాల్లో గుడ్లు పెట్టే చేప. ప్రపంచ జీవజాతుల స్థితిని లెక్కగట్టే సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పు ఉన్న (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది. దారి తెరుచుకుందా లేదా అన్నది ఇది చెబుతుంది. రెండోది పరిగెలు: వాగులోనే పుట్టి వాగులోనే బతుకుతాయి కనుక ఒడ్డు చెట్ల నీడ, నీటి నాణ్యత గురించి వీటిని చూస్తే తెలుస్తుంది. మూడోది బొమ్మిడాయి: అడుగున రాళ్ల సందుల్లో, బురదలో ఉంటుంది. ఇసుక తోడేసి, రాళ్ల సందులు పూడిపోతే ముందు దీనికే ఇబ్బంది. వీటితోపాటు జిలేబీ చేపను కూడా రాసుకోండి, అది మన ఏటిది కాదు కాబట్టే. మొత్తం చేపలు పెరిగాయని సంబరపడే ముందు, పెరిగినదంతా జిలేబీయేనేమో చూడాలి కదా.

3. పోలిక వాగు, ముందటి కొలత

ఈ గైడ్ మొత్తంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

అనుకుందాం: పని చేయకముందు మీ వాగులో వల యాభైసార్లు విసిరితే 40 పరిగెలు పడ్డాయి. పని అయిన రెండేళ్లకు 70 పడ్డాయి. అందరూ చప్పట్లు కొడతారు. అదే రోజుల్లో, ఏ పనీ చేయని పక్క వాగులో 30 ఉన్నవి 55 అయ్యాయనుకోండి. రెండు వాగుల్లోనూ దాదాపు ఒకేలా, సుమారు ఒకటీ ముప్పావు రెట్లు అయ్యాయి. అంటే మంచి వాన పడింది, చేపలు పెరిగాయి. మీ పని వల్ల పెరిగాయని చెప్పడానికి లేదు. పక్క వాగులో 30 అలాగే 30 ఉండిపోయి మీ దగ్గర 70 అయితే, అప్పుడు మీ మాటకు బలం వస్తుంది. ముందు, తర్వాత, పని చేసిన చోటు, చేయని చోటు — ఈ నాలుగు గళ్లూ నిండితేనే లెక్క.

పోలిక వాగును ఎలా వెతకాలి? వెడల్పు, వాలు, చుట్టూ ఉన్న అడవి లేదా పొలం, ఎండాకాలం నీళ్లు నిలిచే తీరు దగ్గరగా ఉండాలి. ఒకే నదిలో కలిసేవైతే మంచిది. ఒకే వాగులో పైన పోలిక, కింద పని అని పెట్టుకోకండి. చేప అటూ ఇటూ తిరుగుతుంది, లెక్క కలగలిసిపోతుంది. వీలైతే రెండు పోలిక వాగులు పెట్టుకోండి, ఒకదాని మీద ఎవరైనా రేపు చెక్‌డ్యామ్ కట్టినా రెండోది మిగులుతుంది.

ముందటి కొలత ఒక్క ఏడాది సరిపోదు. చేపల సంఖ్య ఏ పనీ చేయకున్నా ఒక ఏడు రెట్టింపు, ఇంకో ఏడు సగం కావడం మామూలే. కనీసం రెండు, కుదిరితే మూడు వానాకాలాలు గడవనివ్వండి. నిధులిచ్చిన వాళ్లు తొందరపెడతారు, నాకు తెలుసు. ఆ తొందరకు లొంగితే డబ్బు ఖర్చయ్యాక జవాబు లేకుండా మిగులుతాం. ఆగలేని పరిస్థితి అయితే, ముందే ఒప్పుకున్న క్రమంలో కొన్ని చోట్ల ఈ ఏడు, కొన్ని చోట్ల వచ్చే ఏడు పని చేయండి. ఆలస్యంగా మొదలయ్యే చోట్లే అప్పటిదాకా పోలికగా ఉంటాయి.

మన ప్రాంతంలో ఇంకో పెద్ద విషయం ఉంది. కాళేశ్వరం కింద గోదావరికి అడ్డంగా మేడిగడ్డ బ్యారేజీ 2019లో మొదలైంది. వెనుక నీళ్లు గోదావరిలోనూ ప్రాణహితలోనూ నిలిచాయి. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక గేట్లు ఎత్తి నీళ్లు వదిలేశారు. పారే నది చెరువులా మారి, మళ్లీ పారే నది అయిందన్నమాట. ఆ నీళ్లు తగిలే చోట కలిసే వాగు ఒకటి, సోమ్నూరు (ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు) పైన ఇంద్రావతిలో కలిసే వాగు ఒకటి తీసుకుని పోల్చకండి. రెండూ బ్యారేజీ ప్రభావం ఉన్నవైనా కావాలి, రెండూ లేనివైనా కావాలి. నది నీటిమట్టం కోసం ప్రాణహిత మీద టేక్రా దగ్గర, ఇంద్రావతి మీద పాతగూడెం దగ్గర కేంద్ర జల సంఘం స్టేషన్లు ఉన్నాయి. వాటి అంకెలను మీ లెక్క పక్కన పెట్టుకుంటే ఏ ఏడు వరద ఏడో, ఏ ఏడు కరువో స్పష్టంగా కనిపిస్తుంది. 2022 జులై వరద లాంటిది వస్తే వాగు అడుగు స్వరూపమే మారిపోతుంది, ఆ సంగతి నోట్‌బుక్‌లో ఉండి తీరాలి.

4. పెద్ద చేపను కాదు, పిల్లను లెక్కపెట్టండి

సాల్మన్ పని చేసేవాళ్లు రెండు లెక్కలు తీస్తారు. ఏట్లోకి తిరిగొచ్చిన పెద్ద చేపలు ఎన్ని, ఏట్లో నుంచి సముద్రానికి బయల్దేరిన పిల్లలు ఎన్ని. పెద్ద చేప సముద్రంలో వేటకు, నీటి వేడికి, ఆకలికి గురై వస్తుంది, దాని సంఖ్యలో ఏటి గొప్ప ఎంతో తెలియదు. ఒక్కో తల్లికి ఎన్ని పిల్లలు బయటికి వెళ్లాయన్నదే ఏటి ఆరోగ్యం. మనకూ అంతే. పెద్ద వాలుగ ఎక్కడెక్కడో తిరిగి, ఎన్నో వలలు తప్పించుకుని వస్తుంది. పిల్ల మాత్రం మీ వాగులో పుట్టి అక్కడే పెరుగుతోంది.

కాబట్టి ప్రధానమైన లెక్క వరద తగ్గి నీళ్లు తేటపడ్డాక, అక్టోబరు నడిమి నుంచి నవంబరు చివరిలోపు పెట్టుకోండి. ఏటా అదే పదిహేను రోజుల్లో. ఇంకో లెక్క ఏప్రిల్‌లో, వాగు మడుగులుగా తెగిపోయినప్పుడు, ఎన్ని పిల్లలు ఎండాకాలం దాకా నిలిచాయో చూడ్డానికి. జులై, ఆగస్టుల్లో పెద్ద ఏట్లోకి దిగకండి, ఏ లెక్కా ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

పిల్ల ఏది, నిరుటి చేప ఏది అన్న అనుమానానికి సులువైన మందు ఉంది. పడ్డ ప్రతి చేప పొడవూ కొలవండి. ఆ పొడవులను కాగితం మీద సెంటీమీటరుకో గడి చొప్పున చుక్కలుగా పేర్చండి. ఎడమ పక్కన మొదటి గుట్ట కనిపిస్తుంది, అదే ఈ ఏడు పుట్టినవి. తర్వాత పలచబడి ఇంకో గుట్ట వస్తే అది నిరుటిది. మొదటి గుట్టే లేకపోతే ఈ ఏడు గుడ్లు నిలవలేదనే, పెద్ద చేపలు ఎన్ని పడ్డా సరే.

5. వల వేసే తీరు

ఒకే వల, ఒకే కన్ను (వల గడి సైజు), వీలైతే ఒకే మనిషి. విసురు వల అయితే ఒక్కో మడుగులో ఇన్ని విసుర్లు అని ముందే రాసుకోండి. చేప పడ్డా పడకపోయినా అన్నీ వేయాలి. ఖాళీగా వచ్చిన విసురు కూడా లెక్కే, సున్నా రాయాలి. మడుగులో ఎక్కడ వేయాలో చేపలు పట్టే అన్నకు వదిలేయకండి. చేప ఎక్కడుందో ఆయన చెయ్యికి తెలుసు, అక్కడికే పోతుంది. మడుగును ఆ చివర నుంచి ఈ చివరికి సమానంగా భాగాలు చేసి, భాగానికి ఒకటి చొప్పున వేయించాలి. ఆయనకు ఇది చిరాకుగానే ఉంటుంది. ఎందుకో చెబితే ఒప్పుకుంటాడు.

ఒడ్డు దగ్గర చిన్న పిల్లల కోసం దోమతెర గుడ్డను ఇద్దరు పట్టుకుని పది మీటర్లు లాగండి. పట్టిన నీళ్లలోనే, నీడలో ఉంచిన బకెట్లోకి తీసి లెక్కపెట్టి వెంటనే వదలాలి. చేయి తడుపుకున్నాకే చేపను పట్టుకోవాలి, పొడి చేయి తగిలితే ఒంటి మీది జిగురు పోయి తర్వాత బూజు పట్టి చస్తుంది. కొలబద్ద అతికించిన తడి పలక మీద పడుకోబెట్టి, ఫోటో తీసి వదిలేయండి. దోమతెరను వేటకు ఎవరికీ ఇవ్వకండి, పిల్లా పురుగూ మిగలదు.

ఒకే మడుగుకు నాలుగైదు రోజుల్లో మూడు సార్లు వెళ్లండి. మొదటిసారి కనిపించని బొమ్మిడాయి మూడోసారి కనిపించవచ్చు. "లేదు" అనడానికీ "మాకు దొరకలేదు" అనడానికీ తేడా ఈ మూడు సార్లతోనే తెలుస్తుంది. సాల్మన్ ఏర్లలో కరెంటుతో చేపను కాసేపు స్పృహ తప్పించి లెక్కిస్తారు, దానికి ప్రత్యేక యంత్రం, శిక్షణ ఉంటాయి. మనవాళ్లు ఇన్వర్టరు తీగలతో చేసే పని అది కాదు, దాని జోలికి పోవద్దు. మందు కలపడం, తూటా పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం.

6. వాగును కూడా కొలవాలి

చేప పెరగకపోతే ఎందుకు పెరగలేదో వాగు కొలతలే చెబుతాయి. వంతెన పిల్లరు మీద సెంటీమీటర్ల గీతలు పెయింట్ చేసి రోజూ బడికి వెళ్లే పిల్లలతో నీటిమట్టం రాయించండి. ఏప్రిల్‌లో ప్రతి మడుగు లోతు, పొడవు కొలవండి. మిట్టమధ్యాహ్నం నీటి వేడి చూడండి, నీడ ఉన్న చోట, లేని చోట విడివిడిగా. నాటిన చెట్లలో ఎన్ని బతికాయో రాయండి.

అడుగు రాళ్లను కొలిచే పద్ధతి ఒకటి ఉంది, 1954లో వోల్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పాడు. ఇంతవరకు దానికన్నా చౌకైనది నేను చూడలేదు. మోకాలి లోతు నీళ్లలో ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు అడుగులో అడుగు వేస్తూ నడవాలి. ప్రతి అడుగుకూ ముఖం పక్కకు తిప్పుకుని, బొటనవేలి కొసకు తగిలిన మొదటి రాయిని తీయాలి. చూసి తీస్తే చేయి నున్నటి పెద్ద రాయి వైపే పోతుంది. రాయికి పొడవు, వెడల్పు, మందం ఉంటాయి కదా, వాటిలో నడిమి కొలత రాయాలి. ఇసుక తగిలితే "ఇసుక" అని రాయాలి. ఇలా వంద. వందలో ఇసుక ఎన్నిసార్లు తగిలిందన్నది ఏటా చూడండి. అది పెరుగుతూ పోతే ఎగువన ఒడ్డు కోసుకుపోతోందని, రాళ్ల సందులు పూడుతున్నాయని అర్థం. గులకరాళ్లలో గుడ్లు పెట్టే సాల్మన్‌కు ఈ పూడికే పెద్ద శత్రువు, సన్నటి మట్టి కమ్మేస్తే గుడ్డుకు గాలి ఆడదు.

7. ఏటి మీద బతికేవాళ్లు ముందుండాలి

ఎల్వా నది దగ్గర తరతరాలుగా ఉంటున్న క్లాలమ్ ఆదివాసులు డ్యాములు కూల్చక ముందూ తర్వాతా లెక్కల్లో భాగస్వాములు. వేట ఆపుకుని ఎదురుచూశారు, 2023లో కోహో సాల్మన్‌ను కొద్దిగా పట్టుకునే అవకాశం మళ్లీ వచ్చింది. మన దగ్గర బెస్తలు, గంగపుత్రులు, ధీవర్లు, మాడియా గోండులు ఆ స్థానంలో ఉన్నారు. వాళ్లను కూలికి పిలిచి, రాసుకునేది మాత్రం మనం అన్నట్టు ఉండకూడదు. ప్రశ్న రాసే రోజునే వాళ్లు కూర్చోవాలి.

"వాన పడ్డంక మొదటి ఎర్ర నీళ్లకే వాలుగ ఎక్కుతది సార్. నీళ్లు తెల్లగైనంక చూస్తే ఏం ఎక్కిందో మీకెట్ల తెలుస్తది?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఆయన మాట పట్టుకునే గండి దగ్గర తొలకరి వారం రోజులు పొద్దున, సాయంత్రం గంట చొప్పున ఒడ్డు మీద కూర్చుని దూకే చేపలను లెక్కపెట్టడం కలిపాం. బోనవిల్ డ్యామ్ మెట్ల దగ్గర చేసేదీ అదే పని.

అనుమతుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. చప్రాళ అభయారణ్యంలో గానీ, ఇవతలి ప్రాణహిత అభయారణ్యంలో గానీ అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా వల తడపకూడదు. నీళ్ల మీద మత్స్య సహకార సంఘానికి హక్కు ఉంటే వాళ్ల ఒప్పుదల కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం చేపలు, ఇతర జలవనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. గడ్చిరోలి జిల్లాలోనే మెండా-లేఖా ఊరు 2009లో సామూహిక అటవీ హక్కు పొంది దారి చూపింది. గ్రామసభ తీర్మానం ఉంటే మడుగులో వేట ఆపడం, లెక్క పెట్టడం రెండూ ఊరి పనులవుతాయి.

8. కాగితం, ఫోటో, నకలు

ఒక ఊళ్లో తెలుగు పేరు, పక్క ఊళ్లో మరాఠీ, ఇంకో ఊళ్లో మాడియా పేరు. ప్రతి చేపకు ఒక నంబరు ఇచ్చి, ఫోటోతో ఒక అట్ట తయారుచేయండి, ఫారంలో ఆ నంబరే రాయండి. ఫారంలో తేదీ, టైము, మడుగు నంబరు, వల కన్ను, విసుర్లు, నీటి రంగు, ఎవరు విసిరారు అన్నవి తప్పనిసరి. పెన్సిలుతో రాయండి, తడిసినా చెరగదు. సాయంత్రమే ఫోన్‌తో ఫోటో తీసి ఇద్దరి దగ్గర ఉంచండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, ప్రజా రిజిస్టరు ఉండాలి. ఏటా మీ అంకెలను అందులో ఎక్కించమని అడగండి. మీరు ఊరు మారినా లెక్క ఊళ్లోనే ఉంటుంది.

9. ఎన్నేళ్లు? ఆ తర్వాత ఏం చేస్తారు?

సాల్మన్ జాతిని బట్టి రెండేళ్లకు ఒకటి తిరిగొస్తే, ఇంకొకటి ఏడేళ్లకు వస్తుంది, అందుకే వాళ్ల ప్రణాళికలు పదేళ్ల పైబడి ఉంటాయి. మీరు పని తర్వాత ఐదు వానాకాలాలకు తక్కువ కాకుండా పెట్టుకోండి. డబ్బు తక్కువైతే కొలిచే విషయాలు తగ్గించండి, ఏళ్లు తగ్గించకండి. వాలుగ పిల్లలు, పరిగెలు, మడుగు లోతు — ఈ మూడే మిగిలినా ఏటా ఆగకుండా జరిగితే చాలు.

ఏ అంకె వస్తే ఏం చేస్తారో కూడా ముందే రాసుకోండి. మూడో ఏట కూడా చెక్‌డ్యామ్ ఎగువన వాలుగ పిల్ల ఒక్కటీ లేకపోతే గండి ఇంకా లోతు చేస్తారా? వంద రాళ్లలో ఇసుక పెరుగుతుంటే ఎగువ ఊరితో మాట్లాడేది ఎవరు? పోలిక వాగులోనూ అంతే పెరిగితే ఆ మాట గ్రామసభలో దాచకుండా చెబుతారా? ఈ జవాబులు అంకెలు రాకముందు రాసుంటే, వచ్చాక ఎవరూ తమకు నచ్చినట్టు తిప్పుకోలేరు. ఆ కాగితం మీద సర్పంచ్, సంఘం పెద్ద, మీరు సంతకాలు పెట్టి పంచాయతీ గోడకు అంటించండి. డిసెంబరులో గ్రామసభకు ముందు రెండు వాగుల గీతలు పక్కపక్కనే గీసిన చార్టును దాని కిందే పెట్టండి. మేలో, తొలకరికి ముందు, వల కన్నులు, కొలబద్ద, పిల్లరు మీది గీతలు సరిచూసుకుని మళ్లీ మొదటి ఫారం తీయండి.